మూరకు ఒక వేలు

సాయంత్రం ఆరూ నలభైకి నేను లాంతరు చిమ్నీ తుడిచాను. తుడుస్తూ గోడ గడియారం వైపు చూశాను కాబట్టి ఆ సమయం గుర్తుంది. ఆ తర్వాత జరిగింది నిజంగా జరిగింది. నమ్మమని మిమ్మల్ని బలవంతపెట్టను. కానీ ఒక్క మాట కూడా కలిపి చెప్పడం లేదని మా అన్న మీద ఒట్టు వేస్తాను. బతికున్నవాళ్ల మీద వేసే ఒట్టు కంటే నాకు అది పెద్దది.

అన్న పోయి అప్పటికి తొమ్మిది రోజులు.

మాది బోధన్. ఊరి చుట్టూ చెరకు, ఊరి పక్కన కొత్తగా లేస్తున్న చక్కెర కార్ఖానా. మా అన్న లింగన్న అక్కడ ఒక ఇంజినీరు దగ్గర మోటారు కారు నడిపేవాడు. నా పేరు నర్సయ్య, నిజామాబాదులో బడిపంతులును. నిజాం రాజ్యం కాబట్టి బడికి సెలవు శుక్రవారం. గురువారం రాత్రికి ఇల్లు చేరేవాణ్ణి. శుక్రవారమంతా అన్నా నేనూ వసారాలో కూర్చుని బొమ్మ మోటార్లు చేసేవాళ్లం.

బొమ్మలంటే పిల్లలు ఈడ్చుకుపోయేవి కావు. అసలు మోటారు ఎంత ఉంటే, దానికి తగ్గ చిన్న మోటారు. కిరసనాయిలు డబ్బా కోసి ఆ రేకుతో ఒళ్లు చేసేవాళ్లం. చక్రాలకు దారపు రీళ్లు. వాటి మీద సైకిల్ ట్యూబు పట్టీ. దీపాలకు ఇత్తడి గుండీలు. కొలత మాత్రం అన్నదే. మోటారును తన చేత్తో కొలిచేవాడు. మూరకు ఒక వేలు లెక్క. అసలు మోటారు పది మూరలుంటే మాది పది వేళ్ల వెడల్పంత పొడవు.

మొదటి మోటారుకు ఒక తప్పు చేశాం. అన్న తన మూరతో కొలిచాడు, నేను నా వేలితో కోశాను. ఆయన నాకన్నా జానెడు పొడుగు. ఆయన వేళ్లు నా వేళ్లకు ఒకటిన్నర. ఇంకో రెండు ముక్కలు ఆయన తన వేలితో కోశాడు. అన్నీ కలిపేసరికి మూతి లావు, ఒళ్లు సన్నం. మా మేనమామ ఎల్లయ్య చూసి, "ఏందిరా గిది? మోటరా, గడ్డి దొరకని గొడ్డా?" అన్నాడు.

"మోటరే మామా. జర జరమొచ్చింది" అన్నాడు అన్న.

ఆ రోజే ఒక వెదురు బద్ద మీద తన వేలి వెడల్పు గుర్తులు చెక్కాడు. ఇక కోత అంతా ఆ బద్దతోనే. ఇంకో నియమం కూడా పెట్టాడు. కొలవనిది పెట్టకూడదు. అందాజు పనికిరాదు. "అందాజుగ చేస్తే అది మన మోటర్ అయితది గని, దొర మోటర్ గాదు" అనేవాడు.

చివరగా మొదలుపెట్టింది ఇంజినీరు మోటారే. ఇంజినీరుకు దానితో పని లేని రోజు అన్న దాన్ని తుడిచి పెట్టడానికి మా వాకిట్లోకి తెచ్చేవాడు. అప్పుడే కొలిచేవాడు. మోచెయ్యి ఆనించి చెయ్యి చాచేవాడు. మణికట్టుకు ఇనుప కడియం ఉండేది. చెయ్యి ఆనగానే అది రేకుకు తగిలి టక్ మనేది. ఒక అడుగు జరిగేవాడు. కుడికాలి చెప్పు కొద్దిగా ఈడ్చేవాడు. మళ్లీ టక్. లోపల రేకు కోస్తున్న నాకు ఆ చప్పుడుతోనే లెక్క తెలిసేది.

అన్ని కొలతలూ అయ్యాయి. వెనుక వెడల్పు ఒక్కటే మిగిలింది. అప్పుడే అన్నకు జ్వరం పట్టుకుంది. "ఎనకది ఒక్కటే ఉన్నది తమ్మీ. లేవంగనే కొలుస్త" అన్నాడు. లేవలేదు. ఆ వారంలోనే ఇంజినీరును హైదరాబాదుకు మార్చారు. వేరే డ్రైవరు వచ్చి మోటారు తీసుకుపోయాడు.

మా వైపు మనిషి పోయాక పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే వాళ్లు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. మూడో రోజు కాకి రాలేదు. అయిదో రోజు వచ్చింది. గట్టు మీద కూర్చుంది. చాలాసేపు కూర్చుని ఎగిరిపోయింది.

మా అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. అవ్వ ఆ రోజు నుంచి అన్నం ముట్టలేదు.

"వాడు తినక నేనెట్ల తింటరా" అంది. అంతే. ఏడవలేదు. మామ బతిమాలాడు, తిట్టాడు. "నువ్వు గూడ పోతవా ఏంది? నర్సయ్య ఒక్కడైతడు గద" అన్నాడు. ఆమె నీళ్లు తాగి గోడ వైపు తిరిగి పడుకుంది. ఎనిమిదో రోజుకు ఆమె మాట వినాలంటే దగ్గరకు వంగవలసి వచ్చింది. అలా వంగినప్పుడు చెప్పింది.

"వాని పానం గా మోటర్ మీదనే ఉన్నది. సగం మోటర్ ఇడిసి ఎట్ల పోతడు? జేసి పెట్టు నర్సయ్యా. పదొద్దులనాడు కందకుర్తిల పెడదాం."

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం తక్కువ. చదువుకున్నవాణ్ణి. కానీ ఆమె అన్నం తినాలి. పదో రోజున గోదావరి ఒడ్డున కందకుర్తిలో కూడా కాకి ముట్టకపోతే ఏమవుతుందో నాకు తెలుసు.

తొమ్మిదో రోజు సాయంత్రం, చెప్పాను కదా, ఆరూ నలభైకి చిమ్నీ తుడిచి లాంతరు వెలిగించి వసారాలో కూర్చున్నాను. తెల్లవారుజామున మూడింటికి బండి కట్టాలని మామ ముందే పడుకున్నాడు. బండి ఇంటి వెనుక ఉంది, మామ దాని కిందే. అవ్వ లోపల గదిలో.

మోటారు నా ముందు ఉంది. వెనుక భాగం తెరుచుకుని ఉంది. పక్క రేకులు రెండూ ఎంత విప్పారి నిలబడాలో వెనుక రేకు వెడల్పే చెప్పాలి. నా దగ్గర మంచి రేకు ఒక్క ముక్కే మిగిలింది. బద్ద మీద మూడు వేళ్ల గుర్తు దగ్గర మేకుతో గీశాను. చెరిపాను. నాలుగు దగ్గర గీశాను. చూశాను... ఏదీ తప్పని చెప్పలేను. ఏదీ సరి అని చెప్పలేను. అందాజుగా కోయొచ్చు. ఎవరికి తెలుస్తుంది? అవ్వకు తెలియదు. కాకికి ఏం తెలుస్తుంది?

కత్తెర పట్టుకున్నాను. కోయలేకపోయాను. ఆయన పెట్టిన నియమం అది ఒక్కటే.

ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. కార్ఖానా వైపు నుంచి వచ్చే చప్పుళ్లు ఆగిపోయాయి. చెరకు తోటల మీదుగా గాలి వచ్చి అదీ ఆగింది. వీధి కుక్క మా గడపకు ఆనుకుని పడుకుని ఉంది. దాని ఊపిరి వినపడుతోంది. అంత నిశ్శబ్దం.

అప్పుడు... వాకిట్లో...

టక్.

పెద్ద చప్పుడు కాదు. ఇనుము రేకును తాకిన చప్పుడు. నేను తల ఎత్తలేదు. వసారా మీద రేకులున్నాయి. పగలంతా కాలి రాత్రి చల్లబడుతూ అలాగే అంటాయి. అది నాకు తెలుసు. అదే అనుకున్నాను.

తర్వాత చెప్పు ఈడ్చిన చప్పుడు.

ఒక్క అడుగు. కొద్దిగా. మట్టి మీద.

నా చేతిలో కత్తెర ఉంది. దాన్ని కింద పెట్టాలనిపించింది. పెడితే చప్పుడవుతుందని పెట్టలేదు. ఆ ఆలోచన ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు. భయపడి కాదు. పని చేసుకుంటున్న మనిషికి అడ్డు తగలకూడదని.

టక్.

మళ్లీ చెప్పు. మళ్లీ ఆగడం. ఆ ఆగడం ఎంతసేపో నాకు తెలుసు. చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడ రెండో చేతి వేలు పెట్టి, మోచెయ్యి అక్కడికి జరపడానికి పట్టేంత సేపు.

టక్.

మూడు.

ఇక ఏమీ లేదు. కుక్క ఊపిరి మారలేదు... తర్వాత రెండు చిన్న చప్పుళ్లు. ఇనుము కాదు. వేళ్లు. ముందు బొటనవేలు, తర్వాత చిటికెనవేలు. జానెడు. జానెడంటే అర మూర.

మూడున్నర.

లాంతరు తీసుకుని వాకిట్లోకి వెళ్లాను. ఎవరూ లేరు. మోటారు ఆగే చోట మట్టి మీద లాంతరు పెట్టి చూశాను. సాయంత్రం నేను నడిచిన అడుగులు ఉన్నాయి. ఇంకెవరివైనా ఉన్నాయా అంటే ఉన్నాయనీ చెప్పలేను, లేవనీ చెప్పలేను. ఇంటి వెనక్కి వెళ్లాను. మామ బండి కింద గురక పెడుతున్నాడు. కడియం ఎక్కడుందో కూడా చెప్పాలి. అన్న చేతి నుంచి తీసినప్పటి నుంచి అది అవ్వ కొంగు ముడిలోనే ఉంది.

తిరిగి వసారాలోకి వచ్చాను. లోపలి నుంచి అవ్వ గొంతు వినిపించింది. రెండు రోజులుగా దగ్గరకు వంగితే తప్ప వినపడని గొంతు, గది దాటి వచ్చింది.

"ఇగ కొయ్యి బిడ్డా."

ఆమె కూడా విన్నదా? లేక రాత్రవుతోంది, పని కానివ్వమని చెప్పిందా? నేను అడగలేదు. అడిగితే ఆమె ఏదో ఒకటి చెప్పేది. ఆ రెండింటిలో ఏ జవాబు విన్నా తట్టుకోగలనని అనిపించలేదు.

బద్ద మీద మూడున్నర వేళ్లకు గీసి కోశాను. పక్క రేకులు ఒత్తకుండానే దానికి ఆనుకున్నాయి. టంకం పెట్టాను. మోటారు పూర్తయింది.

పొద్దెక్కేసరికి కందకుర్తి చేరాం. మంజీర వచ్చి గోదావరిలో కలిసే చోట ఇసుక మీద విస్తరి పరిచారు. పక్కన మోటారు పెట్టాను. అవ్వను మామ బండి మీద నుంచి ఎత్తి దించాడు. ముగ్గురం దూరంగా నిలబడ్డాం.

కాకి వచ్చింది. మోటారు వైపు చూడనేలేదు. విస్తరి చుట్టూ ఒకసారి నడిచి అన్నం ముట్టింది. ఇంకో రెండు వచ్చాయి.

"తిన్నడు" అంది అవ్వ. మామ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఇసుక మీదే ఆమెకు పెరుగన్నం కలిపి పెట్టాం. నాలుగు ముద్దలు తింది.

"పెద్దోడు ఒప్పుకున్నడు గని, పెరుగు పుల్లగున్నది" అంది.

మోటారును నీళ్లలో వదిలాం. అన్నవి అన్నకే పోవాలని అవ్వ చెబితే వెదురు బద్ద కూడా వదిలాను.

ఇంతవరకే అయితే మీకు చెప్పేవాణ్ణి కాను. మనసు కష్టంలో ఉన్నవాడి చెవి కావలసిందే వింటుందని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. రెండేళ్ల తర్వాత నిజామాబాదులో పసుపు మార్కెట్టు బయట ఆ ఇంజినీరు అసలు మోటారు కనిపించింది. ఎవరో షావుకారు కొన్నాడట. ఎడమ చక్రం మీది రెక్కకున్న పాత సొట్ట చూసి గుర్తుపట్టాను. వెనక్కి వెళ్లి మోచెయ్యి ఆనించాను.

డ్రైవరు బీడీ పారేసి వచ్చాడు. "ఏం సారూ, గుడ్డ కొలిసినట్టు కొలుస్తున్నవు? మోటర్‌కు అంగీ కుట్టిస్తవా?"

"ఒక్క నిమిషం అన్నా" అన్నాను.

నాలుగు మూరలకు రెండు వేళ్లు తక్కువ వచ్చింది. మూడున్నర కాదు.

అయితే అది రేకులు చల్లబడిన చప్పుడే. తేలిక పడాల్సింది పోయి నాకు ఇంకోసారి అన్న పోయినట్టయింది. అద్దె గదికి నడిచి వెళ్తుంటే తట్టింది. నేను కొలిచింది నా చేత్తో. ఆయన చెయ్యి నాదానికన్నా పొడుగు. ఆయన మూరతో కొలిస్తే తక్కువే రావాలి. మూడున్నర రావచ్చు. మూడూ ముప్పాతిక కూడా రావచ్చు. తేలాలంటే ఆయన చెయ్యి ఎంత పొడవో తెలియాలి. ఆయన వేలి గుర్తులున్న బద్దయినా గోదావరిలో ఉంది. అంగీలు ఆచారం ప్రకారం చాకలికి ఇచ్చేశాం. ఆయన ఫోటో ఒక్కటి కూడా లేదు.

ఆ గురువారం ఇంటికి వెళ్లి అవ్వను అడిగాను. "అన్న చెయ్యి ఎంత పొడుగుండె?"

ఎందుకని అడగలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట పక్కన పెట్టింది. రెండు చేతులూ గాలిలోకి ఎత్తి, మధ్యలో కొంత దూరం ఉంచి పట్టుకుంది.

"గింత ఉండె" అంది.

అలా చాలాసేపు పట్టుకునే ఉంది. దారం తెచ్చి కొలవడానికి నేను లేవలేదు.

తర్వాత నేను ఇంకా మోటార్లు చేశాను. వాటికి స్కేలు కర్ర వాడతాను. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఏదీ చేత్తో కొలవరు.