సుభానీ బడికి పరిశీలకురాలిగా

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, కొత్త మిరపకాయ గుంటూరు మార్కెట్ యార్డుకు రావడం మొదలైన ఫిబ్రవరి నెలలో, మూడో తరగతి పిల్లల సామర్థ్య పరీక్షకు నన్ను పక్క ఊరి ప్రాథమిక పాఠశాలలో పరిశీలకురాలిగా వేశారు. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే దారిలో ఆనుకుని ఉన్న రెండు ఊళ్లు అవి. ఒక ఊరి బడికి నేను ప్రధానోపాధ్యాయురాలిని, రెండో దానికి షేక్ సుభానీ.

ఈ పరీక్ష బడిలో మేం పెట్టుకునే పరీక్షల్లాంటిది కాదు. రాష్ట్రమంతా ఒకే రోజు, ఒకే ప్రశ్నపత్రం. పిల్లలు జవాబు రాయరు, నాలుగు వృత్తాల్లో సరైనదాన్ని పెన్సిల్‌తో నింపుతారు. పేపర్లు దిద్దేది మిషను. ఆ రోజు ఏ హెడ్మాస్టరూ సొంత బడిలో ఉండకూడదు. సీలు వేసిన కవరు పరిశీలకుల ఎదుటే విప్పాలి, వాళ్ల ఎదుటే మళ్లీ కట్టాలి. మా ఎంఈఓ గారు, అంటే మండల విద్యాశాఖాధికారి, ఎక్కువ ఆలోచించకుండా నన్ను సుభానీ బడికీ సుభానీని నా బడికీ వేసేశారు.

సుభానీ అంటే నాకు కుళ్లు. రిటైరయ్యాక కూడా దాచుకోవడం దేనికి? ట్రైనింగులో మాది ఒకే బ్యాచ్. అప్పుడు నేను క్లాసు ఫస్టు. ఆయన నల్లబల్ల మీద రాస్తే కోడి కెలికినట్టుండేది, నా నోట్సు అడిగి తీసుకుని పాసయ్యాడు. అలాంటి మనిషి బడి ఏటా మండలంలో మొదటి స్థానం! ఉపాధ్యాయుల సమావేశంలో ఆయనకు శాలువా కప్పుతుంటే నేను చప్పట్లు కొట్టాలి. పైగా కిందికి దిగి వచ్చి "అంతా మీ నోట్సు చలవే అక్కా" అనేవాడు. ఆ మాటకి ఇంకా ఒళ్లు మండేది.

ఆ ఏడు కుళ్లుతో పోయే వ్యవహారం కాదు. రెండు బడుల్లోనూ పిల్లలు తగ్గారు కాబట్టి మూడు, నాలుగు, అయిదు తరగతులు ఇక ఒక్క చోటే ఉంచుతారని, ఈ పరీక్షలో ఏది మెరుగైతే దానికే ఇస్తారని ఎంఈఓ గారు తేల్చి చెప్పారు. ఓడిన బడికి ఒకటి, రెండు తరగతులే మిగులుతాయి. నా సర్వీసులో సగం గడిచిన బడి అది. పలక పట్టడం రాని పిల్లలు అయిదో తరగతిలో పేపరు గడగడా చదువుతుంటే చూడటమే నాకు జీతంతో పాటు దక్కిన సుఖం. అది తీసుకెళ్లి సుభానీ చేతుల్లో పెట్టాలా?

అందుకే సంక్రాంతి సెలవులు అయిన దగ్గర్నుంచి మూడో తరగతికి నేనే పాఠం చెప్పాను. వృత్తం గీత దాటకుండా నింపడం రోజూ చేయించాను. తల్లుల్ని పిలిపించి, పరీక్ష సోమవారం కాబట్టి ఆదివారం పిల్లల్ని మిరపకాయల దగ్గర కూర్చోబెట్టవద్దని మరీ మరీ చెప్పాను. మా వైపు ఆడవాళ్లకు కాయల తొడిమలు తీయడం ఇంటి దగ్గర దొరికే కూలిపని. కోల్డ్ స్టోరేజీల నుంచి బస్తాలు ఆటోల్లో వస్తాయి, వాకిట్లో పట్టా పరిచి కుప్ప పోస్తారు, తల్లి పక్కన పిల్లలూ చేరతారు. ఆ ఘాటు సబ్బుకు పోదు. మర్నాడు ఆ చేత్తో కన్ను నలుపుకుంటే ఇక చూడనక్కర్లేదు. ఈ వారం మా ఊరికి బస్తాలు వచ్చే వంతు లేదని తల్లులందరూ భరోసా ఇచ్చారు.

సోమవారం సుభానీ బడిలో అడుగుపెట్టాను. నిజం చెప్పాలంటే, ఆయన్ని పట్టించేద్దామనే వెళ్లాను. గోడల మీది ఎక్కాల చార్టుల మీద కాగితాలు అంటించారో లేదో చూశాను, అంటించారు. బెంచీల కింద వంగి చూశాను. వంట చేసే ఆమె కిటికీ పక్కనుంచి రెండోసారి వెళ్తే ఆమె మీద కూడా అనుమానపడ్డాను. పాపం, ఆమె కరివేపాకు కోసం తిరుగుతోంది. పిల్లలు పక్కవాడి వంక చూడలేదు. ప్రశ్నను వేలు పెట్టి రెండుసార్లు చదువుకుని తాపీగా నింపుతున్నారు. ఒక్క తప్పయినా దొరక్కపోతుందా అని చివరి గంట దాకా వరసల మధ్య తిరిగాను, దొరకలేదు. ఏదో ఒకటి దొరికి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

మధ్యాహ్నం కవర్లు అప్పగించడానికి మండల ఆఫీసుకు వెళితే సుభానీ వరండాలో నా కోసం కాచుకుని ఉన్నాడు. మొహంలో రంగు లేదు.

"అక్కా, మీ పిల్లలు పరీక్ష ఎక్కడ రాశారు? కళ్లు నలుపుకోవడమే సరిపోయింది. ఒక పిల్లయితే ఏడుస్తానే నింపింది. నేను మజ్జిగ తెప్పించి చేతులు కడిగించా గానీ, అప్పటికే టైము అయిపోయింది."

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. కవర్లు అప్పగించి, స్కూటీ తిప్పి నేరుగా మా ఊరు వెళ్లాను. మూడో తరగతి చదివే పాప తల్లి కోటేశ్వరమ్మ వాకిట్లో ఇంకా పట్టా తీయలేదు. చెప్పిన మాట వినలేదేమని గట్టిగా అడిగాను.

"మా వంతు కాయ కాదండి మేడం గారూ. పక్కూరిది. ఆళ్ల పంతులు ఆదివారం ఊళ్లో బస్తా దించనీయలేదంట. ఆటోవాడు తీసుకొచ్చి మా వాకిళ్లలో పోశాడు. పొద్దుగూకేలోపు తీసిచ్చేయాలన్నాడు. పిల్లలు కూచోపోతే ఎట్టా అయ్యిద్దండీ?"

నేను తల్లులకు చెప్పి ఊరుకున్నాను. ఆయన ఊరి పొలిమేరలో నిలబడి ఆటోలనే ఆపేశాడు. చేసింది మంచి పనే. ఆ బుద్ధి నాకెందుకు పుట్టలేదన్న కుళ్లు ఒక పక్క, ఆ పని నా పిల్లల కళ్లు మండించిందన్న కోపం ఒక పక్క.

ఫలితాలు రాగానే ఉత్తర్వులు వచ్చాయి. మా మూడు తరగతుల పిల్లలు పుస్తకాల సంచులతో సుభానీ బడికి నడిచి వెళ్లారు. ఆయన ఎదురుపడినప్పుడు అడిగేశాను: ఆపిన బస్తాలు ఎక్కడికి పోతాయో ఆలోచించావా అని.

"లేదక్కా. నా పిల్లల వరకే చూసుకున్నా" అన్నాడు. "మీ చేతిలో ఉంటే మీరు ఆపేవాళ్లు కాదా?" అని అడిగాడు. ఆపేదాన్నే. ఆ తర్వాత ఎటు పోతాయో నేను కూడా చూసేదాన్ని కాదు.

మరుసటి ఏడు పరీక్ష ముందు ఆదివారం సుభానీ రెండు ఊళ్లలోనూ బస్తా దించనీయలేదు. మా ఊరి పిల్లలు చక్కగా రాశారు, ఆ మార్కులన్నీ సుభానీ బడి లెక్కలోకే వెళ్లాయి. మళ్లీ శాలువా, మళ్లీ చప్పట్లు. నా పక్క కుర్చీలో మా రెండు ఊళ్లకూ అవతల ఉన్న ఊరి హెడ్మాస్టరమ్మ కూర్చుంది. ఆమె బడి మండలంలో అట్టడుగున నిలిచింది. చప్పట్లు కొడుతూ ఆమె సుభానీ వైపు చూసిన చూపు నాకు బాగా తెలుసు. అన్నేళ్లు అది నా మొహం మీద ఉన్నదే.

పరీక్ష ముందు ఆదివారం మీ ఊళ్లో మిర్చి బస్తాలు దిగాయా అని మెల్లగా అడిగాను.

"దిగాయండీ, ఎప్పుడూ లేనన్ని. మీకెలా తెలుసు?" అంది.

ఒక బడి మార్కులు చూసి ఆ బడి గురించి ఏ మాటా అనకూడదని, ముందు చుట్టుపక్కల ఊళ్లలో ఏం జరిగిందో కనుక్కోవాలని నాకు ఆ కుర్చీలో తెలిసివచ్చింది. అప్పటికి నా సర్వీసు అయిపోవచ్చింది.