టాంకు మీద నా చోటు

నిన్న పటమటలో మెకానిక్ నా స్కూటరు ముందు చక్రం పైకెత్తి, హ్యాండిల్ విప్పి గ్రీజు పూస్తుంటే, ఆ వాసనకి పాత భయం కదిలింది. అరవై దగ్గర పడినా పోలేదు, పాడు భయం!

డెబ్భైల్లో, నాకు ఏడేళ్లప్పుడు, స్కూలు మేస్టారైన మా నాన్నకి ఓ పాత మోటారు సైకిలుండేది. వెనక అమ్మ, ఆవిడ ఒళ్లో చంటి తమ్ముడు, ముందు పెట్రోలు టాంకు మీద, హ్యాండిల్ నడిమధ్య రెండు చేతులూ వేసుకుని నేను. ఆ వానాకాలం బ్రేకు వేసినప్పుడల్లా హ్యాండిల్లో టక్కుమనేది. తమ్ముడి జ్ఞానస్నానానికి అమ్మమ్మగారి ఊరు బయల్దేరే ముందురోజు నాన్న పెద్ద స్పానరు తెచ్చి, పళ్లు కొరుకుతూ హ్యాండిల్ నట్టు బిగించేశాడు.

"మెకానిక్‌కి చూపించకూడదుటండీ?" అంది అమ్మ.

"ఎంత బిగువైతే అంత భద్రం" అన్నాడు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

మర్నాడు రవ్వలడ్డూల డబ్బాతో సహా బందరు కాలవ గట్టెక్కాం. ఒకపక్క నాట్లేసిన పొలాలు, ఇంకోపక్క గట్టు అంచుదాకా ఎర్రనీళ్లు. మలుపు తిరిగాక తనంతట తాను తిన్నగా వచ్చే హ్యాండిల్ ఆరోజు వంగినచోటే ఉండిపోతోందని నా చేతులకి తెలిసిపోయింది. బండి నీళ్లు చూసిన గేదెలా కాలవ వైపే పోతోంది. చెబితే తిడతాడు, చెప్పకపోతే మునుగుతాం. ఈలోగా ఆయనే అరిచాడు.

"హ్యాండిల్ లాగకే! అందర్నీ ముంచుతావా?"

నేనా? అమ్మో, నేనేనేమో! చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. బండి మళ్లీ కాలవ వైపే మొగ్గింది. ఏడుస్తూ రెండు చేతులూ పైకెత్తేశాను.

"నేను కాదు నాన్నా! చూడు, పట్టుకోలేదు!"

బండి ఆపేశాడు. అమ్మ దిగి, తమ్ముణ్ణి భుజానేసుకుని నడక మొదలెట్టింది. నాన్న బండి నడిపించుకుంటూ వెనకాల వచ్చాడు. పక్కూరి మెకానిక్ ముందు చక్రం పైకెత్తి, హ్యాండిల్‌ని ఒక్కవేలితో తోశాడు. కదల్లేదు.

"దీని మెడ పిసికేశారు కదండీ మేస్టారూ!"

వేలితో తోస్తే తనంతట తాను పక్కకి వాలేదాకా నట్టు సడలించాడు. నన్ను మళ్లీ టాంకు మీదికెక్కించి, నాలుగు గజాలు పోయాక నాన్న మెల్లిగా అడిగాడు, "ఎలా ఉందే?" ఆ తరవాత ఎప్పుడు బయల్దేరినా నన్నడక్కుండా గేరు మార్చలేదు.

ఆ గట్టు ఇప్పుడు తారురోడ్డు. బండి పాతసామాన్లోకి పోయింది. నాన్నా పోయాడు. నిన్న మెకానిక్ తాళం చేతికిచ్చి, "ఓ రౌండేసి చెప్పండమ్మా, ఎలా ఉందో" అన్నాడు.

బాగుంది నాన్నా. తిన్నగానే పోతోంది.