బొగ్గు బాయిలో సముద్రపు వాచీ

మా బొగ్గు బాయిలోకి బ్యాటరీ ఉన్న వస్తువులు తీసుకెళ్లనివ్వరు. దిగేముందు జేబులు తడిమి చూస్తారు. బీడీలు, అగ్గిపెట్టె, ఫోను, బ్యాటరీతో నడిచే వాచీ, అన్నీ పైనే వదిలెయ్యాలి. నాది బొగ్గు పొరలో మందుగుండు పేల్చే పని. పేల్చాక పొగ పోయేదాకా ఆగాలి, ఎంతసేపైందో చూసుకోవాలి. అందుకని కీ ఇచ్చే పాత వాచీ ఒకటి పెట్టుకునేవాణ్ణి. బొగ్గుపొడి మింగీ మింగీ ఒకరోజు అది ఆగిపోయింది.

ఆ చలికాలం మా ఆవిడ అక్కగారింటికి ఆదిలాబాద్ వెళ్లాం. పత్తి వచ్చే రోజులు. పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లుల వైపు నుంచి దూది నూగు తేలుతూ వచ్చి బజారులో జనం జుట్టు మీద వాలుతోంది. వాచీల దుకాణం ముందు నిలబడి చూస్తుంటే అద్దాల పెట్టెలో ఒకటి కనబడింది. నల్లటి ముఖం, చుట్టూ తిరిగే ఉక్కు చక్రం, అంకెలు ఉండాల్సిన చోట నెయ్యి రంగుకు తిరిగిన చుక్కలు. ఎందుకో ఇక కదలబుద్ధి కాలేదు.

"అది అమ్మేది కాదన్నా," అన్నాడు దుకాణం యజమాని. "మా పెద్ద భయ్యాది. ముంబైల ఓడల కింద నీళ్లల్ల పనిచేసేటోడు. గీడ ఊకె పెట్టిన."

"ఒక్కసారి అడుగుతరా?"

ఆయన నా ముఖం చూసి, వాచీ బయటికి తీసి, నన్ను మేడ మీదికి తీసుకుపోయాడు. కిటికీ పక్కన పరుపు మీద తెల్లగడ్డం పెద్దాయన కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. చాయ్ వచ్చింది.

"ఏం పని చేస్తవ్ బేటా?"

"బొగ్గు బాయిల చాచా. నస్పూర్ దిక్కు."

"బాగ లోపలికి పోతవా?"

"చానా లోపలికి. పైన ఎండ గొడ్తుందో వాన పడుతుందో తెల్వది."

ఆయన కళ్లు మూసుకుని నవ్వాడు. "నాకు గూడ గట్లనే ఉండె."

చాయ్ కప్పు కింద పెట్టాడు. తర్వాత ఆయనే చెప్పాడు. విదేశీ ఓడ ఒకదాని అడుగు బాగుచేసినప్పుడు చేతికి వచ్చిన మొత్తంతో ఆ వాచీ కొన్నాడట. స్విట్జర్లాండ్ సరుకు. వీపు మీది సిలిండర్లో గాలి ఎంతసేపు వస్తుందో ఆ చక్రం తిప్పి గుర్తు పెట్టుకునేవాడట.

"పత్తి సేట్లు అడిగిన్రు. ఇయ్యలే. వాళ్లు పెండ్లిళ్లకు పెట్టుకుంటరు. నువ్వు కిందికి దించుతవ్. బ్యాటరీ లేదు, చెయ్యి కదిలితేనే నడుస్తది ఇది. నా మోకాళ్లు పోయినయ్. నేను కూసుంటె ఇది గూడ కూసుంటది." నా చేతికి తనే పెట్టి ధర చెప్పాడు. "జర ఒక్క మాట. తడి తగలనియ్యకు. లోపలి రబ్బరు పాతగైంది."

ధర విని మా ఆవిడ బజారులోనే ఆగిపోయింది. "గా పైసలకు పాలిచ్చే బర్రె వస్తుండె కదయ్యా!" అంది. ఇంటికెళ్లాక మాత్రం అడిగి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది. "నిద్రల ఉన్న పసిపిల్ల లెక్క ఊపిరి తీస్తున్నది," అని తిరిగి ఇచ్చింది.

బాయిలో ఆ వాచీ నాకు వేరే లోకం చూపించింది. పేల్చాక దూరంగా వచ్చి కూర్చుని, చక్రం తిప్పి, ముళ్ల మీద టోపీ లైటు కాసేపు పట్టి ఆర్పేసేవాణ్ణి. చీకట్లో ఆ చుక్కలు లేత ఆకుపచ్చగా వెలిగి, నెమ్మదిగా కరిగిపోయేవి. పైకప్పు నుంచి నీళ్లు చినుకుతున్న చప్పుడు. నేను సముద్రం ఎన్నడూ చూసినవాణ్ణి కాదు. కానీ ఆ కాసేపు నా తల మీద ఉన్నది రాయి కాదనీ, నీళ్లనీ, ఎక్కడో పైన ఓడలు మెల్లగా దాటిపోతున్నాయనీ అనిపించేది. భయం వేసేది కాదు. ఎవరైనా పిలిస్తే లేవడానికి కష్టంగా ఉండేది.

ఆదిలాబాద్ వెళ్లినప్పుడల్లా ఇదంతా చాచాకు చెప్పేవాణ్ణి. ఆయన ఓడల అడుగున అంటుకునే నత్తగుల్లల గురించి, బురదనీళ్లలో చేతులే కళ్లైపోవడం గురించి చెప్పేవాడు. మా ఆవిడ కింద దుకాణంలో కూర్చుని ఎదురుచూసేది. కొన్నాళ్లకు తనూ పైకి రావడం మొదలుపెట్టింది.

తర్వాతి వానాకాలంలో బాయిలో కాలు జారి పంపు పెట్టిన నీటిగుంటలో పడ్డాను. దెబ్బలేం తగలలేదు. పైకి వచ్చి చూస్తే వాచీ అద్దం లోపలంతా మంచు పట్టినట్టు మసక. మర్నాడే బస్సెక్కాను. దారి పొడుగునా వాచీని రుమాల్లో చుట్టి పట్టుకునే కూర్చున్నాను.

చాచా కోపం చేసుకోలేదు. "నీళ్లు యాదికొచ్చినట్టున్నయ్ దానికి," అన్నాడు. దుకాణం నడిపే ఆయన తమ్ముడు దాన్ని విప్పి ఆరబెట్టాడు. కొత్త రబ్బరు ముంబై నుంచి తెప్పించి వేసేసరికి చలి మొదలైంది. ఆ రోజు మేమిద్దరం వెళ్లాం. తమ్ముడు వాచీని గ్లాసెడు నీళ్లలో వేసి చూపించాడు.

"గ్లాసు నీళ్లల్ల ఏం తెలుస్తది?" అన్నాడు చాచా. "పెన్‌గంగల చూడాలె."

తమ్ముడు వద్దన్నాడు. ఆయన వినలేదు. మా ఆవిడే "పోదాం పా చాచా" అని కర్ర అందించింది. ఆటోలో వెళ్లాం. నది తేటగా ఉంది, అవతలి ఒడ్డు మహారాష్ట్ర. నేను ఒక పక్క, తమ్ముడు ఒక పక్క పట్టుకుని దించాం. నడుము లోతు రాగానే ఆయన మా చేతులు విడిపించుకున్నాడు. వాచీ అడిగి పెట్టుకుని, చక్రం తిప్పి, మునిగిపోయాడు.

ఎంతసేపో నీళ్ల మీద ఏమీ లేదు. తమ్ముడు "భయ్యా!" అని గట్టిగా అరిచాడు. మా ఆవిడ చీర తడుస్తున్నా నీళ్లలోకి వచ్చేసింది. అప్పుడు మేం చూస్తున్న చోట కాకుండా ఎక్కడో పక్కన తల తేలింది. మెట్లు దిగడానికి ఇద్దరి సాయం కావలసిన మనిషి, వెల్లకిలా తిరిగి చేపలా మా వైపు జారివచ్చాడు.

"మోకాళ్లు నొస్తలెవ్వా?" అంది మా ఆవిడ, ఏడుపో నవ్వో తెలియని గొంతుతో.

"నీళ్లల్ల నాకు మోకాళ్లెక్కడియి బిడ్డా!"

వాచీ లోపల చుక్క తడి లేదు. నా చేతికి తిరిగి కట్టి, "ఇగ నువ్వు నీళ్ల మీద పండు," అన్నాడు.

"నాకు ఈత రాదు చాచా."

"ఈత కాదు. పండు. అంతే."

ఆయన అరచేయి నా వీపు కింద ఉంది. చెవులు నీళ్లలో మునిగాయి. ఒడ్డు మీది మాటలన్నీ ఆగిపోయి, అడుగున గులకరాళ్లు దొర్లే సన్నని చప్పుడు వినిపించింది. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. ఎన్నో ఏళ్లు భూమి కిందికి దిగినవాణ్ణి, ఏ బరువూ లేకుండా పడుకోవడం అదే మొదలు. ఆయన చెయ్యి ఎప్పుడు తీసేశాడో నాకు తెలియలేదు.