స్కానరక్క బొటనవేలు

మా ఆపిల్ ప్యాకింగ్ షెడ్డులో రోజుకు వెయ్యిసార్లు వినపడే మాట ‘కమిలింది’. తెగిన పండును ఎవరైనా పక్కన పెడతారు. కమిలిన పండు అలా కాదు. తోలు నిగనిగలాడుతూనే ఉంటుంది, దెబ్బ లోపల ఉంటుంది, మర్నాటికి గాని గోధుమరంగు బయటపడదు. ఆ మర్నాడు రాకముందే పట్టుకోవడానికే మాకు జీతాలు. ఎండకు ముఖం కమిలిందని, మాటకు మనసు కమిలిందని కూడా అంటాం గానీ, వాటిని ఏరే ఉద్యోగాలు లేవు.

మా టేబుల్ దగ్గర ఈ పనిలో స్కానరక్కదే పైచెయ్యి. పంతొమ్మిదేళ్ల అనుభవం. కోల్డ్ రూమ్ నుంచి వచ్చిన ఆపిల్‌ను ఎడమచేత్తో తిప్పి, తొడిమ పక్కన కుడి బొటనవేలితో ఒక్కసారి నొక్కి, పెట్టెలోకో బుట్టలోకో వేసేది. అందుకే ఆ పేరు పెట్టాం. అనుమానం తీరని పండు ఉంటే ఆ చోటు చుట్టూ పెన్నుతో గీత గీసి మర్నాటిదాకా కిటికీలో ఉంచడం మా పద్ధతి. మరక గీత దాటితే చెత్తబుట్టే. ఆమె పెన్ను తీయడం నేను ఏడాదికి రెండుసార్లు కూడా చూడలేదు. ఆమె ఎదురుగా నిలబడేది నేనే. నేను పది మాటలంటే ఆమె ఒకటి అనేది, అదీ ‘ఊఁ’.

అలాంటి మనిషి ఒక గురువారం టీ తాగుతూ తనంతట తనే నోరు విప్పింది. సోమవారం ఏడేళ్ల కూతురికి స్నానం చేయిస్తుంటే జబ్బ లోపలివైపు నీలం మచ్చ కనిపించిందట. ఆటల్లో పడితే మోకాళ్లు కమలాలి గానీ జబ్బ లోపల ఎందుకు కములుతుంది? పిల్లను అడిగితే ఏమో అంది, నొప్పి లేదంది, తువ్వాలు చుట్టుకుని పారిపోయింది. ఇప్పుడు ఇంకో రెండు వచ్చాయి. భర్త లారీ డ్రైవరు, వారానికోసారి వస్తాడు. బడి వదిలాక పిల్లను చూసుకునేది అత్తగారు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. అత్తలంటే నాకున్న అభిప్రాయం షెడ్డంతటికీ తెలుసు, మా అత్తగారికైతే మరీ బాగా తెలుసు. ఇంకెవరు చేస్తారు, ముసలావిడకు కోపమొస్తే రెక్క పట్టుకుని లాగుతుంది కాబోలు అన్నాను. ఆమె గ్లాసు కడిగి పెట్టి పనిలోకి వెళ్లింది. కానీ ఆ మాట ఆమె బుర్రలో పురుగులా దూరింది. దూర్చింది నేనే.

మర్నాడు ఆమె పిల్ల జబ్బ మీద మచ్చ చుట్టూ పెన్నుతో గీత గీసింది, అచ్చం పండుకు గీసినట్టే. శనివారం పొద్దున చూస్తే మచ్చ గీత దాటింది, అంచులు ఆకుపచ్చగా మారాయి. లోపల ఏదో కుళ్లుతోందని, పిల్లను చంకనేసుకుని క్లినిక్‌కు పరిగెత్తింది.

డాక్టరమ్మ ఆ గీత చూసి ముందు నవ్వింది. చర్మం తెగకుండా లోపలి సన్నని రక్తనాళాలు చిట్లితే కారిన రక్తం అక్కడే పరుచుకుంటుందని, దాన్ని ఒళ్లే మెల్లగా శుభ్రం చేసుకుంటుందని, నీలం ఆకుపచ్చై, పసుపై, చివరికి మాయమవుతుందని చెప్పింది. రక్తపరీక్ష చేయించి జబ్బేమీ లేదని కూడా తేల్చింది. తర్వాత జబ్బ తిప్పి చూసి నవ్వడం మానేసింది. ఇవి పడితే వచ్చినవి కావు, ఎవరో పదేపదే గట్టిగా పట్టుకున్న గుర్తులు అంది. ఇంట్లో ఎవరెవరు ఉంటారో అడిగి రాసుకుంది. శుక్రవారం మళ్లీ తీసుకురమ్మని, అప్పటికి కొత్త మచ్చ కనిపిస్తే పిల్లల సంరక్షణ ఆఫీసుకు తెలపక తప్పదని చెప్పింది. పిల్లను తీసుకుపోతారేమోనన్న భయంతో ఆ శని, ఆదివారాలు ఆమె అన్నం ముట్టలేదు.

ఇంటికెళ్లి అత్తగారితో పిల్లమీద చెయ్యి వెయ్యొద్దంది. ఎందుకని ముసలావిడ అడగలేదు. అదే ఆమెను ఇంకా భయపెట్టింది. తప్పు లేనివాళ్లైతే గొడవ చేస్తారు కదా అంది నాతో. నేను తలాడించాను. మంగళవారం పొద్దున కొత్త మచ్చ కనిపించేసరికి ఇంట్లో పెద్ద రగడ అయింది. అత్తగారు బట్టల సంచి సర్దుకుని, బుధవారం కూతురింటికి పోతానని గుమ్మం దగ్గర పెట్టుకుంది.

అదే మంగళవారం మా సూపర్‌వైజరు ఒక పెట్టె పట్టుకొచ్చాడు. మాటకు ముందు చేతివాచీ చూసుకుంటాడు గనక ఆయన్ను గడియారం అంటాం. కొట్టువాళ్లు తిప్పి పంపిన పెట్టె, మా టేబుల్‌దే. ఒక్కో పండూ కోసి చూపించాడు. అన్నింటికీ తొడిమ పక్కన, ఒకే చోట, ఒకే కొలతలో గోధుమరంగు మచ్చ. మాకు తలా ఐదు మంచి పండ్లిచ్చి, రోజూ చూసినట్టే చూడమని, వాటి మీద మా నంబర్లు రాసి కిటికీలో పెట్టాడు. బుధవారం పొద్దున కోశాడు. నావి తెల్లగా ఉన్నాయి. స్కానరక్కవి ఐదుకైదూ కమిలాయి.

“నేను ముట్టుకున్నట్టే లేదు,” అంది ఆమె.

గడియారం మొదటిసారి వాచీ చూసుకోకుండా మాట్లాడాడు. ఇన్నేళ్లు చల్లటి పండు పట్టుకుని వేళ్లు మొద్దుబారి ఉంటాయని, తెలియక ఏటికేడు గట్టిగా నొక్కుతూ వచ్చి ఉంటుందని, ఇకనుంచి పెట్టెలకు మూతలు వేసే పని చూసుకోమని అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. చటుక్కున నా జబ్బ పట్టుకుంది.

“మెల్లగానే పట్టుకున్నా కదా?”

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. లేదు అన్నాను. ఆమె నా జబ్బ వదిలి తన చేతివంక చూసుకుంది.

వాళ్ల ఇంటి ముందు లారీల రోడ్డు ఉంది. భర్త చెప్పే ప్రమాదాల కథలు విని విని ఆ రోడ్డంటే ఆమెకు హడల్. రోజూ పొద్దున పిల్ల జబ్బ పట్టుకుని దాటించి, బడి గేటు దగ్గర వదిలి పనికొచ్చేది. క్లినిక్‌కు వెళ్లొచ్చాక పిల్ల దూరమవుతుందన్న భయం తోడై ఆ హడల్ రెట్టింపయింది, పట్టు కూడా రెట్టింపయి ఉంటుంది.

సెలవు అడక్కుండానే ఇంటికి పరిగెత్తింది. అత్తగారు సంచి పక్కన కూర్చుని బస్సు వేళ కోసం చూస్తోందట.

“నేనే అత్తయ్యా,” అంది.

“తెలుసు. రోజూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నా.”

“మరి చెప్పలేదేం?”

“నే చెప్తే నమ్మేదానివా? పైగా పిల్ల ఒట్టేయించుకుంది. అమ్మకు తెలిస్తే ఇంక నన్ను పట్టుకోదు నానమ్మా అంది.”

సంచి విప్పి చీరలు మళ్లీ అల్మరాలో సర్దింది స్కానరక్కే. శుక్రవారం డాక్టరమ్మ దగ్గర ఆ చెయ్యి తనదేనని చెప్పి, దగ్గరుండి రాయించింది. అత్తగారికి క్షమాపణ చెప్పడానికి నేనూ వెళ్లాను. ఆవిడ టీ ఇచ్చింది.

కానీ ఆమె నాతో పదే పదే చెప్పేది మళ్లీ క్లినిక్‌కు వెళ్లే ముందురోజు, గురువారం పొద్దుటి సంగతి. రోడ్డు అంచున చెయ్యి చాచి, ఇవాళ నువ్వే నన్ను పట్టుకో అందట. పిల్ల బొటనవేలు పట్టుకుంది. పట్టుకున్నట్టు ఆమెకు తెలియలేదు. అందుకని అడుగడుక్కీ ఒకసారి లారీల వైపు, ఒకసారి కిందికి, పిల్ల ఇంకా ఉందో లేదో చూసుకుంటూ దాటిందట.