ఎర్రగీత దాటిన ముల్లు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని నడుం వాల్చాను. పక్క గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని కారు రేసు ఆడుతున్న మా అమ్మాయి విసుక్కుంది. "డాడీ, ఈ గేమ్ ఉత్త బోగస్. ఐదో గేరుల ఉరుకుతున్నదాన్ని సక్కగ రెండుకు దించిన. ఇంజన్‌కు ఏం కాలే." అది నవ్వుతూనే అంది. నాకు మాత్రం నిద్ర ఎగిరిపోయింది. తొమ్మిదేళ్ల కింద ఆట వేరు, నిజం బండి వేరన్న ఆ సంగతి ఒక మనిషికి నేను చెప్పి ఉంటే, ఆయన ఇవాళ కమాన్‌పూర్‌లో కర్ర ఊతంతో నడిచేవాడు కాదు. 'నిండు బండిని పడగొట్టినోడు' అన్న పేరు మోసేవాడూ కాదు. ఆయన నా భార్య తమ్ముడు. ఆ పేరు నాకు రావలసింది.

అప్పుడు నేను ఒక ఓపెన్‌కాస్ట్ గనిలో, బొగ్గు మీది మట్టిని తవ్వి తరలించే కాంట్రాక్టరు దగ్గర, కొత్త టిప్పర్ డ్రైవర్లకు పని నేర్పే సూపర్‌వైజర్‌ని. జ్యోతినగర్‌లో బదిలీ అయి పోతున్న ఒక ఇంజనీరు నుంచి ఆటకు వాడే స్టీరింగు, పెడళ్లు, గేరు రాడ్ కొనుక్కొచ్చాను. నలభై దాటిన మనిషికి ఈ పిచ్చేంటని నా భార్య సణిగేది. ఆమె ఇస్త్రీ బల్లకే స్టీరింగు బిగించాను కాబట్టి ఆ సణుగుడులో న్యాయం ఉంది. కొన్నాళ్లు మా ఇంట్లో అందరం ముడతల బట్టలతోనే చర్చికి వెళ్లాం. డ్రైవర్ కావాలని ఆశపడుతున్న మా బామ్మర్ది ప్రతి ఆదివారం వచ్చి ఆ బల్ల ముందు కూర్చునేవాడు. చెయ్యి చురుకైనది, చెప్పింది ఒక్కసారికే పట్టేవాడు. నాకు అదొక గర్వం.

ఆ ఆటలో కార్ల బలమంతా, ఇంజన్ ఎంత జోరుగా తిరుగుతోందో చూపే మీటరులో ఎర్రగీత అంచున ఉండేది. ముల్లు అక్కడిదాకా పోతేగాని కారు ఊపందుకోదు. ముల్లు గీతను తాకగానే ఇంజన్ టకటకమని తనను తానే అదుపు చేసుకునేది. మూల మలుపు దగ్గర రెండు గేర్లు ఒకేసారి దించితే ఇంజన్ అరిచేది, కారు ముక్కు వంచి నెమ్మదించేది, అంతే. "ఎంత అరిచినా ఫికర్ లేదు, దాని హద్దు దానికి తెల్సు," అని నేనే చెప్పాను. ఒకరోజు మా మామయ్య గుమ్మంలో నిలబడి ఆ మోత విన్నాడు. భూగర్భ గనిలో ముప్పై ఏళ్లు కప్పును కడ్డీతో కొట్టి, మోతను బట్టి అది నిలుస్తుందో కూలుతుందో చెప్పిన మనిషి. "అల్లుడా, గది మొత్తుకుంటాంది. బందు చెయ్యి," అన్నాడు. నేను నవ్వి, అది ఉత్త బొమ్మ అన్నాను. ఆయన నవ్వలేదు.

బొమ్మ కానిది గనిలో ఉంది. బొగ్గు తీసేసిన పాత గుంతను పూడ్చడానికి టిప్పర్లు నిండు మట్టితో కిందికి దిగాలి. డీజిల్ ఇంజన్ బలం ముల్లు పచ్చగీతలో ఉన్నంతవరకే. ఎక్కువ తిరిగితే ఇంజన్ తన డీజిల్‌ను తానే ఆపుకోగలదు, నిజమే. కానీ దిగుడులో దాన్ని తిప్పేది డీజిల్ కాదు, వెనక నుంచి తోసే మట్టి బరువు. ఆ తోపుడుకు హద్దు లేదు. అందుకే కొత్తవాడు పాత డ్రైవర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని పదిహేను ట్రిప్పులు దిగాలని నియమం. దిగినట్టు నేను సంతకం పెట్టాలి. వానలు దగ్గరపడ్డాయి, డ్రైవర్లు తక్కువ, మా బామ్మర్దిని అప్పుడే పనిలోకి తీసుకున్నారు. వీడు నా దగ్గర నేర్చుకున్నవాడే కదా అనుకున్నాను. ఒక్క ట్రిప్పు కూడా దిగకుండానే పదిహేను గళ్లలోనూ సంతకం పెట్టాను.

మూడో రోజు మధ్యాహ్నం వర్క్‌షాపులో ఉండగా దిగుడు రోడ్డు వైపు నుంచి ఒక ఇంజన్ అరుపు వినిపించింది. అది పెరుగుతూ పోయింది. చేతిలో పానాలు ఉన్నవాళ్లందరూ తలలెత్తారు. తర్వాత బండరాయి పగిలినట్టు ఒక చప్పుడు, దాని తర్వాత ఏమీ లేదు. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పితే, మా బామ్మర్ది రెండు గేర్లు ఒకేసారి దించాడు. నేను ఇంట్లో మెచ్చుకున్నట్టే దించాడు. ఇంజన్ పగిలింది. ఇక బండిని పట్టి ఉంచేది ఏమీ లేదు. కింద పనిచేస్తున్న మనుషుల మీదికి పోనివ్వకుండా దాన్ని పక్కనున్న మట్టికట్టకు తిప్పి పడేశాడు. తుంటి నుజ్జయింది.

ఎంక్వయిరీలో నన్ను అడిగింది ఒక్కటే: ట్రిప్పులు దిగాడా? కాగితం ముందుకు జరిపి, "నేర్పిన సార్, అన్నీ చెప్పిన," అన్నాను. గోడవారన బెంచీ మీద కట్టుతో కూర్చున్న బామ్మర్ది తలెత్తి నన్ను చూశాడు. నా ఉద్యోగం పోతే అక్క ఇల్లు ఏమవుతుందో లెక్క వేసుకున్నట్టున్నాడు. తల దించుకున్నాడు. నిర్లక్ష్యం అని రాసి ఆయన్ని పనిలోంచి తీసేశారు. మళ్లీ ఎవరూ స్టీరింగ్ ఇవ్వలేదు. ముప్పై ఏళ్లలో ఒక్క మచ్చ లేని మా మామయ్య, కొడుకు ఎదురొస్తే అరుగు మీంచి లేచి లోపలికి పోయేవాడు. పోయిన ఏడాది చనిపోయేదాకా అలాగే గడిచింది.

మొన్న సోమవారం కమాన్‌పూర్ వెళ్లాను. ఇదంతా నా పేరు పెట్టి అందరికీ తెలిసేలా రాస్తానని, ముందు వాళ్ల అక్కకు చెబుతానని అన్నాను. బామ్మర్ది చాయ్ తెప్పించాడు. నా గ్లాసులో చక్కెర తక్కువ వేయమని చెప్పడం కూడా మర్చిపోలేదు.

"రాస్తె నాకు బండి ఇస్తరా బావ?"

"ఇయ్యరు."

"తెల్సు." గ్లాసు కింద పెట్టాడు. "అయినా రాయి. బాపు ఉన్నప్పుడు చెప్పుంటె, ఒక్కసారన్న నా దిక్కు చూసేటోడు."

నిజం చెప్పడానికి ఇంకా కాలం ఉందిలే అనుకుంటూ తొమ్మిదేళ్లు బతికాను. అది వినవలసిన మనిషికి అంత కాలం లేదని నాకు తోచనే లేదు.