విసుర్రాయి పాట కళామందిరం ఎక్కిన రోజు

మార్కాపురంలో మా వీధి చివర కళామందిరం ఉంది. అక్కడ కచేరీ ఉందంటే నేను అందరికంటే ముందు పోయి కూర్చుంటాను. ఇంట్లోవాళ్ళు నేను సంగీతానికి పోతున్నానంటే నమ్మరు, ఫ్యాన్ కింద కూర్చోవడానికి పోతున్నానంటారు. అననీ. మొదటిసారి పోయింది ఫ్యాన్ కోసమే. నడిఎండాకాలం, వీధిలో కరెంటు లేదు, అక్కడ జనరేటరు ఉంది.

ఆ రోజు పట్టుచీర కట్టుకున్న ఒకామె పాడుతోంది. ఒక పక్క ఫిడేలాయన, ఇంకో పక్క మృదంగమాయన. గొంతు బాగుంది. బాగాలేకపోతే బాగాలేదనే రాసేదాన్ని, నాకు మొహమాటం లేదు. అయితే ఆమె ఒకే మాట పట్టుకుని మళ్ళీ మళ్ళీ అదే పాడుతోంది. ఒకసారి పైకి తీసింది, ఒకసారి కిందికి దించింది, ఒకసారి మెలికలు తిప్పింది, మళ్ళీ మొదటికే వచ్చింది. నాకు ప్రాణం ఉసూరుమంది. మా విసుర్రాయి పాటల్లో ఒకరు ఒక మాట అంటే ఇంకొకరు అందుకోవాలి. అందుకునేవాళ్ళు పరాకుగా ఉంటే మొదటామె అదే మాట మళ్ళీ అంటుంది, వాళ్ళు తెలివి తెచ్చుకునేదాకా. ఇక్కడ హాలు నిండా చదువుకున్నవాళ్ళు, ఒక్కరికీ జాలి లేదు. ఫిడేలాయన అందుకుంటున్నాడు గాని నోటితో కాదాయె. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తుకునేసరికి ఇక ఉండబట్టలేక, వెనక వరసలోంచి గొంతెత్తి నేనే అందుకున్నాను.

హాలు మొత్తం వెనక్కి తిరిగింది. కళామందిరం చూసుకునే నడివయసు మనిషి ఒకాయన మునివేళ్ళ మీద పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“పెద్దమ్మా, ఏంది ఇది? ఊరికే వినాల. పాడకూడదు.”

“ఆమె అడుగుతాంది గదా నాయనా.”

“ఏమడుగుతాంది?”

“అందుకోమని!”

ఆయన తల పట్టుకున్నాడు. “అవి సంగతులు పెద్దమ్మా. ఒకే మాటను రకరకాలుగా పాడి చూపిస్తారు. ఇంకోసారి నోరు తెరిచినావంటే గేటు బయటే కూర్చుంటావు.”

సంగతులంటే ఏమిటో అట్లా తెలిసింది. అప్పటినుంచి కచేరీకి పోయినప్పుడల్లా బుగ్గన వక్క పెట్టుకుని కూర్చునేదాన్ని. నోటికి ఏదో ఒక పని ఉండాలి. పిల్లనగ్రోవి కచేరీలో హాయిగా నిద్రపోయాను. అది మెచ్చుకోవడమే, పాడైన పాటకు నాకు నిద్ర రాదు. ఇంకోసారి ఒక కుర్రాయన సెల్‌ఫోన్ చూసుకుంటూ పాడాడు. అయిపోయాక పోయి, “ఫోన్ మొగం చూసి పాడినావు, మా మొగం ఎప్పుడు చూస్తావు నాయనా?” అని అడిగాను. ఆయన నవ్వి నా కాళ్ళకు దండం పెట్టాడు.

ఇవన్నీ మా వదినకు చెప్పేదాన్ని. వదిన అంటే మా అన్న భార్య. హనుమంతునిపాడు దగ్గర మా పుట్టింటి ఊళ్ళో ఉంటుంది. ఆమె పెళ్ళై వచ్చిన కొత్తలో ఇద్దరికీ ఒకటే విసుర్రాయి. ఎదురెదురుగా కూర్చుని, ఒకే పిడి ఇద్దరం పట్టుకుని సజ్జలు విసిరేవాళ్ళం. ఆమె పాడేది, నేను అందుకునేదాన్ని. తర్వాత పిండిమర వచ్చింది, రాయి గోడకు చేరగిలబడింది, పాట వదిన దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు ఇంట్లో గొంతు విప్పితే మనవళ్ళు “టీవీ వినపడటంల్యా నాయనమ్మా” అంటారట. నవ్వుతూనే చెప్పింది.

ఒకసారి ఆమెను కూడా కచేరీకి తీసుకుపోయాను. అయిపోయి జనం లేచిపోతున్నా ఆమె లేవలేదు. వేదికకేసి చూస్తూ కూర్చుంది.

“ఏమే పిల్లా,” అంది. నాకు పళ్ళూడినా ఆమెకు నేను పిల్లనే. “ఆడ కూర్చొని మన పాట ఒక్కటి పాడాల. ఇంతమంది నోరు మూసుకొని వింటారంటే మాటలా?”

“విసుర్రాయి పాటకు పట్టుచీర కట్టుకుంటావా?”

“నీ మొగం. నీ చీర ఇయ్యి, కట్టుకుంటా.”

“గొంతేడుంది వదినా నీకు? చలికాలం వస్తే మాటే పెగలదు.”

“ఉన్నంత ఉంది. అది గూడా పోకముందే పాడాలంటాండా.”

చెయ్యి పట్టి ఆమెను లేపాను.

కొన్నాళ్ళకు కళామందిరం గేటుకు ఒక బోర్డు కట్టారు. నేను పలకల ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్ళూ పలకలు కోయడమే గాని వాటి మీద రాయడం తెలియదు. తల నెరిశాక నేర్చిన అక్షరాలు, ఒక్కొక్కదాన్నీ పట్టుకుని చదవాలి. నిలబడి చదివాను. పల్లెపాటల సాయంత్రమట, పాడేవాళ్ళు లోపలికి వచ్చి చెప్పాలట. నేరుగా లోపలికి పోయాను. నన్ను చూడగానే ఆ కళామందిరం ఆయన నవ్వాడు.

“ఈసారి పైకెక్కే పాడతావా పెద్దమ్మా?”

“నేను కాదు, మా వదిన. నేను అందుకునేదాన్ని.”

“అందుకునే దాంట్లో నీకు తిరుగేముంది!”

ఆ రోజు వదిన పొద్దున బస్సుకే దిగింది. నా చీర కట్టుకుంది. మిరియాల కషాయం తాగి, గొంతు దాచుకోవాలని సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. వదినకు అంతకంటే పెద్ద తపస్సు లేదు.

వేదిక మీద రెండు కుర్చీలు పక్కపక్కనే వేశారు, ఇద్దరమూ జనంకేసి చూసేటట్టు. ముందర మైకులు. వదిన ఎత్తుకుంది.

“గింజ పొయ్యవే మరదలా, రాయి ఆకలంటది…”

గొంతు కొంచెం జీరగా ఉన్నా నిండుగా వచ్చింది. ఇప్పుడు నేను అందుకోవాలి. కళ్ళలోకి లైటు కొడుతోంది. ఎదురుగా వదిన ముఖం ఉండాల్సిన చోట అంతా చీకటి. నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు.

వదిన మళ్ళీ అదే మాట అంది. నేను రాయిలాగా కూర్చున్నాను. ఈసారి పైకి తీసి అంది. తర్వాత సాగదీసి, మోచేత్తో నన్ను పొడుస్తూ అంది. ముందు వరసలో ఎవరో “ఆహా!” అన్నారు. “సంగతులు చూడండి, ఎంత బాగా వేస్తోందో” అని ఇంకొకాయన చప్పట్లు కొట్టాడు. సంగతులు కాదు స్వామీ, నన్ను తిడుతోంది!

ఆమెకున్న ఆ కాస్త గొంతూ ఈ ఒక్క మాటకే అరిగిపోతే మిగతా పాటకు ఏముంటుంది? అప్పటికే చివర్లు పగులుతున్నాయి.

వదిన ఆపేసింది. మైకు ముందరే అంది, హాలంతా వినపడేటట్టు.

“పిల్లా, దిగు. పొయ్యి జనంలో కూర్చో. ఆడైతే నీ నోరు ఆగదు గదా!”

జనం గొల్లుమన్నారు. నేను దిగిపోయాను. ముందు వరసలో ఒకాయన లేచి తన కుర్చీ ఇచ్చాడు. కూర్చుని తలెత్తితే ఎదురుగా వదిన ముఖం, రాయికి అవతల ఉన్నట్టే.

“గింజ పొయ్యవే మరదలా, రాయి ఆకలంటది…”

“ఆకలంటే అననీలే, మాయన్న ఇంకా రాలేదు!”

మాట దానంతటదే వచ్చింది. ఒళ్ళో నా కుడిచెయ్యి తిరుగుతోంది. కళామందిరం ఆయన అలవాటు కొద్దీ నోటి మీద వేలు పెట్టుకుని నా వైపు రెండడుగులు వేశాడు. వేశాక గుర్తొచ్చింది కాబోలు, ఆ వేలితో చెవి గోక్కుంటూ నిలబడ్డాడు. కాసేపటికి నా వెనక ఇంకెవరో అందుకున్నారు. వాళ్ళ వెనక ఇంకొందరు. పాటలో పిండి జల్లెడ పట్టే దాకా, అన్న గడప తొక్కే దాకా వదిన మొత్తం పాడింది. చివరి మాట దగ్గర ఆమె గొంతు పూర్తిగా పోయింది. ఆ మాట హాలే పాడేసింది.

బస్టాండులో బస్సు కోసం చూస్తూ టీ తాగాము. వదినకు గుసగుస తప్ప రావడం లేదు.

“గొంతు పాయె గదా వదినా.”

“పోతే పోనీలే, పాడినాం గదా.” టీ ఒక గుక్క తాగి నా చెవి దగ్గరకు వంగింది. “అది సరే గాని పిల్లా, ఆ పట్టుచీరామె మళ్ళీ ఎప్పుడొస్తది? అందుకునేవాళ్ళు లేరంటివే పాపం, ఈసారి ఇద్దరం పోదాం.”