వీధి ఆటలో నా గది

మెదక్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్లు చెప్పే రోజుల్లో తెలంగాణ ఉద్యమం జోరుగా ఉంది. నాది కోస్తా. కాలేజీకి తాళం, బస్సులు బంద్. దసరాకి ఇంటికి పోయే దారి లేక కిరాయి గదిలో ఒక్కదాన్నే ఇరుక్కుపోయాను. నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా నోరు విప్పితే యాస పట్టేస్తారని, కిరాణా కొట్లో వేలితో చూపించి సామాన్లు తెచ్చుకునేదాన్ని. ఏం చేయను మరి, భయం!

తోచక కంప్యూటర్లో మా వీధినే ఒక ఆటగా తయారుచేశాను. ఇంటి మీదికి మౌస్ తెస్తే అదెవరిల్లో అక్షరాలు కనపడాలి, తీస్తే మాయమవ్వాలి. ప్రోగ్రాములో కనపడేందుకు ఒక లైను, దాచేందుకు ఒక లైను. మొదట దాచే లైను మర్చిపోయి, వచ్చిన అక్షరాలు పోకుండా వీధంతా నిండిపోతే నన్ను నేనే తిట్టుకుని సరిచేశాను. టైలరు గారిల్లు, కండక్టరు గారిల్లు, ఓనరమ్మ గారిల్లు. చివరికి నా గది మిగిలింది. 'ఆంధ్రా ఆమె' అని రాశాను. ఎవరో అనేలోపు నేనే అనుకుంటే పోలా!

దసరా సాయంత్రం వీధిలో అందరూ బంగారమంటూ జమ్మి ఆకు ఒకరి చేతుల్లో ఒకరు పెట్టుకుని దండాలు పెట్టుకుంటున్నారు. నేను పట్టుచీర కట్టుకుని మరీ తలుపు వెనక కూర్చున్నాను. ఒక్కరైనా తలుపు తడతారా అని ఒకటే ఆశ. పక్కింటి పిల్లలు నా గుమ్మం దాటి వెళ్లిపోయారు. ఏడుపొచ్చేసింది.

చీకటి పడేవేళకు ఓనరమ్మ వచ్చింది.

"ఏందే పిల్లా, పండుగ పూట తలుపేస్కొని కూసున్నవ్? చిన్నోళ్లే గదా వచ్చి పెద్దోళ్లకు జమ్మి పెట్టాలె! గప్పటిసంది నీకోసం చూస్తున్న."

నాకెవరు చెప్పారు ఆ సంగతి? అడిగితే కదా చెప్పడానికి.

ఆమె చూపు ఆట మీద పడింది. మౌస్ పట్టుకుని తన ఇల్లు చూసుకుని మురిసింది. తర్వాత నా గది మీదికి వచ్చింది.

"గిదేంది? ఎవరన్నరే నిన్ను గిట్ల?"

"ఎవరూ అనలేదండీ."

"మరి నువ్వే రాసుకుంటివా? మస్తు తెలివి! తీసెయ్."

"ఏమని రాయమంటారు?"

"మా కిరాయికున్న పిల్ల అని రాయ్."

ఆమె కొంగులోంచి తీసి ఇచ్చిన జమ్మే ఆమె చేతిలో పెట్టి కాళ్లకు దండం పెట్టాను. ఆమె వెళ్లాక అలాగే రాశాను. ఆ ఒక్క గదికి మాత్రం దాచే లైను తీసేశాను.